మంత్రగత్తెలని ఎవరిని చంపారు?

సందేహం: యూరప్‌లో 90 లక్షల మంది మంత్రగత్తెలను తగలబెట్టారని చదివాను. వాళ్ళంతా క్రైస్తవానికి లొంగక పాత దేవతలను కొలిచిన పేగన్లేనా?
- ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: రెండూ నిజం కావు. ఆ లెక్క 18వ శతాబ్దంలో ఫోయ్‌క్ట్ అనే జర్మన్ వేసింది. తన ఊరి రికార్డుల్లో దొరికిన కొద్దిపాటి కేసులను యూరప్ అంతటికీ, వందల ఏళ్ళకూ హెచ్చవేశాడు. కోర్టు కాగితాలు తిరగేసిన చరిత్రకారులు మాత్రం, 1450-1750 మధ్య 40 నుంచి 60 వేల మందిని చంపి ఉంటారంటున్నారు. లెక్క తగ్గినంత మాత్రాన ఘోరం తగ్గదు. చనిపోయినవాళ్ళలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్ళే.

వాళ్ళు ఆదివారం చర్చికెళ్ళి, బిడ్డలకు బాప్తిస్మం ఇప్పించుకున్న మామూలు పల్లెటూరి క్రైస్తవులు. ఆవు పాలివ్వడం మానేసినా, పసిబిడ్డ పోయినా, అంతకుముందు గొడవపడిన పొరుగామె మీదికి అనుమానం పోయేది. స్కాట్లండ్‌లో ఆగ్నెస్ సాంప్సన్ నాటువైద్యం తెలిసిన మంత్రసాని. 1590లో రాజు ఆరో జేమ్స్ కొత్త పెళ్ళికూతురితో డెన్మార్క్ నుంచి వస్తుంటే సముద్రంలో తుఫాన్లు రేగాయి. అది ఈమె పనేనన్నారు. గుండు గీసి, సైతాను ముద్ర కోసం ఒళ్ళంతా వెతికారు. తలకు తాడు బిగించి మెలిపెట్టారు. రాజు స్వయంగా ప్రశ్నించాడు. చివరికి అడిగినవన్నీ ఒప్పుకుంది. 1591లో గొంతు నులిమి చంపి, శవాన్ని కాల్చేశారు. ఇలా ఒప్పుకున్నవాళ్ళను "నీతో ఇంకెవరున్నారు?" అని మళ్ళీ హింసించేవారు. బాధకు తాళలేక తెలిసిన పేర్లన్నీ చెప్పేసేవారు. ఒక కేసు పది కేసులయ్యేది అందుకే.

సందేహం: మా ఆఫీసులో ఒకమ్మాయి విక్కా మతస్తురాలట. సైతానును పూజిస్తారని తక్కినవాళ్ళు ఆమెతో కలిసి భోంచేయడం కూడా మానేశారు. నిజంగా భయపడాలా?
- ఒక పాఠకురాలు, టెక్సస్

సమాధానం: భయపడాల్సిందేమీ లేదమ్మా. సైతాను క్రైస్తవ నమ్మకంలోని పాత్ర, విక్కాలో వాడికి చోటే లేదు. వాళ్ళు కొలిచేది ప్రకృతిని, దేవుణ్ణి, దేవతను. 1954లో జెరాల్డ్ గార్డనర్ రాసిన పుస్తకంతో బ్రిటన్‌లో ప్రచారంలోకి వచ్చిన కొత్త మతం ఇది. ఆనాడు యూరప్‌లో మంత్రగత్తెలన్న ముద్రతో చనిపోయినవాళ్ళకు తామే వారసులమని కొందరు విక్కన్లు నమ్ముతారు. చరిత్రకారులు ఒప్పుకోరు. కానీ వాళ్ళ పూజ వాళ్ళు చేసుకునే హక్కుకు ఆ వారసత్వంతో పనేముంది?

అమెరికాలో ఒక ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు 1986లోనే విక్కాను మతంగా గుర్తించింది. అయినా, 2005లో ఆఫ్ఘనిస్తాన్‌లో చనిపోయిన నెవాడా సైనికుడి స్మారక ఫలకం మీద వలయంలోని ఐదుకోణాల నక్షత్రం చెక్కడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. అది విక్కన్లకు పవిత్రమైన గుర్తు. శిలువకూ, ఇంకెన్నో మతాల గుర్తులకూ అప్పటికే అనుమతి ఉంది. అతని భార్య పట్టువదలక పోరాడింది. దావాలు పడ్డాక, 2007లో గాని ప్రభుత్వం దిగిరాలేదు. దేశం కోసం ప్రాణమిచ్చినవాడికి ఈ అవమానమా అని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. రేపు మీరే ఆ అమ్మాయి పక్కన కూర్చుని భోంచేయండి.

సందేహం: మనవైపు చేతబడి హత్యలూ యూరప్‌లో మంత్రగత్తెలని చంపినలాంటివేనా?
- ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: అచ్చంగా అలాంటివే. జ్వరం, పశువు చావు, పొలం తగాదా, ఆపైన ఒక పేరు. బాణామతి చేస్తున్నారని తెలంగాణ పల్లెల్లో పళ్ళు పీకిన ఘటనలున్నాయి, నోట మంత్రం పలకకూడదని. బిహార్ 1999లో, ఝార్ఖండ్ 2001లో ప్రత్యేక చట్టాలు తెచ్చాయి. మీ ఊళ్ళో గుసగుస మొదలైన రోజే 100కు ఫోన్ చేయండి. జబ్బుపడ్డవాళ్ళను భూతవైద్యుడి దగ్గరికి పోనివ్వక ఆసుపత్రికి పంపండి.