డగ్లస్ ఫర్ నీడలో దాని పిల్లలు మొలవవు

చి. హారికకు,

సియాటిల్ వెళ్లినప్పటి నుంచి శనివారం వస్తే చాలు కొండెక్కుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు పంపిన ఫొటోల్లో మంచుకొండ ఉంది, సరస్సు ఉంది. దారిపొడవునా నీడనిచ్చిన చెట్లే లేవు. అందుకే ఈ ఉత్తరం.

ఈసారి శిఖరం జోలికి పోకుండా రెయినియర్ పర్వతం దిగువన ఉన్న పాత అడవిలో నడువు. డగ్లస్ ఫర్ అనే చెట్టును వెతుకు. ముసలి చెట్టయితే ఆకులు ఎక్కడో ఆకాశంలో ఉంటాయి కాబట్టి, కింద రాలిన కోన్ చేతిలోకి తీసుకో. పొలుసుల మధ్య నుంచి మూడు మొనల రేకులు బయటికొచ్చి ఉంటాయి. ఎలుక లోపలికి దూరితే తోకా, వెనక కాళ్లూ బయట మిగిలినట్టుంటుందని అక్కడివాళ్లు పిల్లలకు చెబుతారు. చూశాక అక్కడే వదిలెయ్.

తర్వాత బెరడు చూడు. ముసలి చెట్లకు 30 సెంటీమీటర్ల మందం దాకా ఉంటుంది. నేలమీద పాకే మంటను తట్టుకునేది దానివల్లే. 500 ఏళ్లు దాటిన చెట్లు ఆ అడవుల్లో అరుదేం కాదు.

ఇప్పుడు కిందికి చూడు తల్లీ, అసలు సంగతి అక్కడుంది. ఆ మహావృక్షాల కింద మొక్కలు బోలెడుంటాయి గానీ డగ్లస్ ఫర్ మొక్క మాత్రం దాదాపు కనబడదు. ఉండేవి ఎక్కువగా చిటారు కొన వంగిన వెస్టర్న్ హెమ్‌లాక్ మొక్కలే. కూలిన మానుల మీది నాచులో కూడా మొలుస్తాయి. హెమ్‌లాక్ నీడకు ఓర్చుకుంటుంది, డగ్లస్ ఫర్‌కి ఎండ కావాలి. అంటే నువ్వు మెచ్చుకుంటున్న చెట్టు మొలిచిన నాడు అక్కడ ఇంత నీడ లేదు. చాలాచోట్ల ఏ కార్చిచ్చో పాత అడవిని ఊడ్చేసి దానికి చోటిచ్చింది. మళ్లీ అలాంటిదేదీ రాకపోతే ఈ పెద్దలు ఒక్కొక్కరే కూలాక అడవి హెమ్‌లాక్‌ల పాలవుతుంది. పాత అడవి అంటే మారని అడవి అనుకోకు. మన ఆయుష్షుకు అందనంత నిదానంగా మారుతుంది, అంతే. ఒక్క చెట్టును బాగా ఎరిగి ఉంటే ఆ మార్పు నీకు కనబడుతుంది.

కాలిబాట వదలకు, తొక్కితే వేళ్ల మీది మట్టి గట్టిపడిపోతుంది. ఈదురుగాలి రోజున వెళ్లకు, పైనుంచి కొమ్మలు విరిగిపడతాయి. చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, టార్చి ఉంచుకో.

ఎక్కడైనా డగ్లస్ ఫర్ పిల్లమొక్క కనబడితే, దానికి ఎండ ఎటునుంచి వస్తోందో, ఆ పక్కన ఏ చెట్టు కూలిందో చూసి నాకు రాయి.

మీ బాబాయి