రెండు రోజుల రాయ్‌పూర్‌కు ఏ గైడు పుస్తకం?

మా వారికి రాయ్‌పూర్ బదిలీ అయినప్పటి నుంచి విశాఖ, విజయనగరం చుట్టాల రాకపోకలు పెరిగాయి. సమతా ఎక్స్‌ప్రెస్ నేరుగా ఉండటం ఒక కారణం. వచ్చేది రెండు రోజులకే. ఫోన్‌లో అందరూ ముందుగా అడిగేది ఒకటే: "జేబులో పట్టే గైడు పుస్తకం ఏదైనా ఉంటే చెప్పు."

ప్యారిస్‌కో, సింగపూర్‌కో ఉన్నట్లు రాయ్‌పూర్ ఒక్కదానికే జేబు పుస్తకం నాకు కనబడలేదు. దొరికేవి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి కలిపి వేసిన చిన్న పుస్తకాలు, పర్యాటక శాఖ మడత కాగితాలు, భారతదేశ గైడుల్లో ఒక అధ్యాయం. వీటిలోంచి ఎంచుకోవడానికి నేను చూసే నాలుగు విషయాలు ఇవి.

1. పుస్తకం వయసు: ముద్రణ సంవత్సరం ఒక్కటే చూస్తే చాలదు. పాత సమాచారాన్నే కొత్త అట్టతో అమ్ముతుంటారు. రాయ్‌పూర్ మధ్యప్రదేశ్‌లో ఉందని రాస్తే అది 2000 నవంబరు 1కి ముందు మాట. రాజిమ్ రాయ్‌పూర్ జిల్లాలో ఉందంటే 2012కు ముందుది. అప్పుడే గరియాబంద్ జిల్లా ఏర్పడింది.

2. పేరు, ఊరు: చంపారణ్ అనగానే గాంధీగారి 1917 సత్యాగ్రహం గుర్తొస్తుంది. అది బీహార్‌లోది. రాయ్‌పూర్ దగ్గరి చంపారణ్ వల్లభాచార్యుల జన్మస్థలంగా ప్రసిద్ధం. ఆయన తల్లిదండ్రులు తెలుగువారు. ఈ తేడా స్పష్టంగా చెప్పిన పుస్తకాన్ని మిగతా విషయాల్లోనూ కొంత నమ్మవచ్చు.

3. దూరం, దిక్కు: రాజిమ్ సుమారు 45 కిలోమీటర్లు, సిర్పూర్ సుమారు 80. అంకెలు ఇస్తే సరిపోదు, ఏవి ఒకే దారిలో కలుస్తాయో పటంలో కనిపించాలి. రాజిమ్, చంపారణ్ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక పూటలో రెండూ చూడవచ్చు. సిర్పూర్‌లోని ఇటుకల లక్ష్మణ ఆలయానికి మరో రోజు కేటాయించాలి.

4. సెలవులు, మెట్లు: మ్యూజియాలకు చాలాచోట్ల సోమవారం సెలవు. ఆదివారం రాత్రి దిగేవారికి ఈ ఒక్క వాక్యం ఎంతో విలువైనది. ఎక్కడ ఎంత నడవాలో, ఎక్కడ మెట్లుంటాయో చెప్పే పుస్తకాలు తక్కువే. పెద్దవాళ్లు వెంట ఉంటే ముందు ఆ పేజీలే వెతకండి.

క్రితం ఏడాది మా అత్తగారు వచ్చినప్పుడు రెండు పుస్తకాలు చేతికొచ్చాయి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. చంపారణ్ చూడాలన్నది ఎన్నో ఏళ్ల కోరిక. మళ్లీ ఇంత దూరం ప్రయాణం చేయగలరో లేదో తెలియదు. లావు పుస్తకంలో రంగుల బొమ్మలు చాలా ఉన్నాయి. అయితే రాయ్‌పూర్‌ను బస్తర్ వెళ్లేవారు బండి మారే ఊరుగా చూపి అరపేజీతో సరిపెట్టింది. సన్నటి పుస్తకంలో బొమ్మలు లేవు గానీ, మహానది ఒడ్డు ఊళ్లన్నీ ఒక్క పటంలో ఉన్నాయి. సన్నదే తీసుకున్నాం. మొదటి రోజు చంపారణ్, రాజిమ్. రెండో రోజు ఊళ్లోనే 1875 నాటి మహంత్ ఘాసీదాస్ మ్యూజియం. సిర్పూర్‌లో దొరికిన కంచు విగ్రహాలు అక్కడే ఉన్నాయి కనుక, సిర్పూర్ వెళ్లలేదన్న లోటు ఆమెకు కలగలేదు. సాయంత్రం వివేకానంద సరోవరం గట్టున కూర్చున్నాం. బాల్యంలో వివేకానందుడు కొంతకాలం ఈ ఊళ్లో గడిపారు.

హోటళ్ల జాబితా ఎక్కువని పుస్తకానికి ఎక్కువ ధర పెట్టకండి. పుస్తకంలో ముందుగా పాతబడేవి ఆ పేజీలే. వేళలు, టికెట్ ధరలు బయల్దేరే ముందు ఫోన్‌లో సరిచూసుకోండి. చరిత్ర, పటం మాత్రం పుస్తకంలోనే హాయిగా చదువుకోవచ్చు, సిగ్నల్ లేని చోట కూడా.

తిరిగి వెళ్లాక ఆటోకు ఎంత ఇచ్చారో, ఎక్కడ భోజనం బాగుందో అంచుల్లో పెన్సిల్‌తో తేదీ వేసి రాయండి. మీ శాఖలో తర్వాత బయల్దేరే కుటుంబానికి ఆ పుస్తకం ఇవ్వండి. కొత్త ముద్రణ కంటే అదే వారికి ఎక్కువ అక్కరకొస్తుంది.