ఒక్క మిల్లు లెక్కలు వెనక్కి రావాలంటే



మండపేట, తాడేపల్లిగూడెం, రావులపాలెం రైస్ మిల్లులకి తలా ఒక డేటాబేసు పెట్టి, అన్నిటినీ రాజమండ్రిలో ఒకే పోస్ట్‌గ్రెస్ సర్వరు మీద నడుపుతున్నామని రాశావు. బ్యాకప్‌కి ఏ టూలు మంచిదని అడిగావు. ఏది త్వరగా కాపీ తీస్తుందో చూడకు తల్లీ. ఒక మిల్లు లెక్కలు పోయిన రోజున, మిగతావాళ్ల జోలికి పోకుండా ఆ ఒక్కదాన్నే ఏది తెచ్చిపెడుతుందో చూడు.

దాళ్వా ధాన్యం దిగే రోజులనుకో. మధ్యాహ్నం ఒక మిల్లు గుమాస్తా పొరపాటున సీజను కాటా చీటీలన్నీ తుడిచేశాడు. సర్వరు మొత్తాన్ని రాత్రి బ్యాకప్‌కి తిప్పావంటే అతని చీటీలు వస్తాయి గానీ, పొద్దుటి నుంచి మిగతా మిల్లుల్లో ఎక్కించిన లారీలు, బస్తాలు, తేమ శాతాలు అన్నీ పోతాయి. రైతుకి డబ్బు వచ్చేది ఆ చీటీ మీదే.

పీజీ డంప్ ఒక్కో డేటాబేసునీ విడిగా తీస్తుంది. కస్టమ్ ఫార్మాట్‌లో తీస్తే పీజీ రీస్టోర్‌తో ఒక్క టేబులునైనా లాగొచ్చు. యూజర్లు, పాస్‌వర్డులు మాత్రం అందులో రావు. వాటిని పీజీ డంప్‌ఆల్‌తో గ్లోబల్స్ వరకూ తీసి పెట్టుకో. అన్నిటికీ డంప్‌ఆలే వాడేద్దామనుకోకు. అంతా కలిపి ఒకే ఎస్‌క్యూఎల్ ఫైలు వస్తుంది, అందులోంచి ఒక మిల్లుని విడదీసేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. పైగా ఏ డంపైనా, తీయడం మొదలుపెట్టిన క్షణం దాకానే. రాత్రి రెండింటికి తీసింది పొద్దున పదింటి చీటీ ఇవ్వదు.

ఆ చీటీ కావాలంటే, సర్వరు ప్రతి మార్పునీ రాసుకునే వాల్ ఫైళ్లు కూడా దాచే టూలు ఉండాలి. బార్‌మన్, పీజీబ్యాక్‌రెస్ట్ రెండూ అడిగిన నిమిషానికి తీసుకెళ్తాయి. కానీ వాల్ సర్వరంతటికీ ఒక్కటే కనుక, నడుస్తున్న సర్వరులో ఒక్క డేటాబేసుని వెనక్కి తిప్పడం కుదరదు. బార్‌మన్ అయితే సర్వరు మొత్తాన్నీ నిలబెడుతుంది. పీజీబ్యాక్‌రెస్ట్‌లో డీబీ ఇన్‌క్లూడ్ అని ఆప్షన్ ఉంది. అడిగిన డేటాబేసే నిజంగా దిగుతుంది, మిగతావి సున్నాలతో పేరుకే ఉంటాయి, తర్వాత డ్రాప్ చేసుకోవాలి. డిస్కు కలిసొస్తుంది. నా ఓటు దీనికే. వేరే మిషన్ మీద, తుడిచేసిన నిమిషానికి ముందు దాకా దించు. అక్కడి నుంచి పీజీ డంప్‌తో ఆ మిల్లుని తీసి, అసలు సర్వరులో కొత్త పేరుతో ఎక్కించు. లెక్క సరిపోయాకే పేర్లు మార్చు.

టూలు పెట్టేస్తే సరిపోదు, అది నిజంగా నడుస్తోందో లేదో చూడాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ల డేటాబేసు పొరపాటున చెరిగిపోయింది. డంపులున్నాయిలే అనుకున్నారు. తీరా చూస్తే పోస్ట్‌గ్రెస్ 9.6 సర్వరు మీద 9.2 పీజీ డంప్ నడిచి, డంప్ తీయడమే ఆగిపోయి ఉంది. ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. వెర్షన్లు ఈ రాత్రే చూసుకో.

ఒక కాపీ గోదావరికి దూరంగా, హైదరాబాదులోనో ఎక్కడో ఉంచండి. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను చూసిన ప్రాంతం మనది.

దాళ్వా కోతలకి ముందే ఒక మిల్లుని పక్క మిషన్‌లో నిలబెట్టి, వాళ్ల గుమాస్తా చేతే బస్తాల మొత్తం సరిచూపించు. ఎంతసేపు పట్టిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ బాబాయి