ఉత్తమ వైద్యాలయ లక్షణాలు

వైద్యాలయం మంచిదా కాదా అని తేల్చడానికి మన ప్రాంతంలో వాడుకలో ఉన్న కొలత ఒకటే. అంతస్తులు ఎన్ని, యంత్రాలు ఎన్ని అని అడుగుతాము. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు నుండి పెద్ద జబ్బు చేసినవారు రైలెక్కి తూర్పున గుంటూరుకో, దిగువమెట్ట అడవి దాటి నంద్యాల, కర్నూలుకో పోవడం చిరకాలంగా ఉన్నది. అంత దూరం పోయివచ్చినవారు ముందుగా వర్ణించేది నునుపైన నేలను, లిఫ్టును. అవి వద్దని మేము అనడం లేదు. కాని ఎముకల వైద్యుడు, నరాల వైద్యుడు, మూత్రపిండాల వైద్యుడు ఒకే కప్పు క్రింద ఉండడం వేరు. ఆ ముగ్గురూ ఒక రోగిని గురించి కూర్చుని మాట్లాడుకోవడం వేరు. పలు శాఖల వైద్యాలయానికి పేరు తెచ్చేది ఈ రెండవదేనని మా అభిప్రాయం.

శాఖలుగా విభజించడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1284లో కైరో నగరంలో సుల్తాన్ కలావూన్ నిర్మింపజేసిన వైద్యాలయంలో జ్వరాలకు, నేత్రరోగాలకు, శస్త్రచికిత్సకు వేర్వేరు విభాగాలు ఉండేవి. కోలుకొని ఇంటికి పోయే బీదవాడు వెంటనే కూలికి పోనవసరం లేకుండా కొంత సొమ్ము కూడా ఇచ్చి పంపేవారని చరిత్రకారులు వ్రాసినారు. ద్వారం దాటినంత మాత్రాన రోగి పని ముగియదని ఆనాడే గుర్తించినారన్నమాట.

శాఖలు కలిసి పనిచేస్తే ఏమి సాధ్యమో తెలుసుకోవడానికి కైరో దాకా పోనక్కరలేదు. మన పొరుగున ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970 వరకు నెల్లూరు జిల్లాలోనివి. ఆ జిల్లా పల్లెలలో పండ్లు గారపట్టి, నడివయసుకే వెన్ను బిగిసి, మెడ తిప్పలేని మనుషులు కనిపించేవారు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అనే నలుగురు కలిసి ఆ వ్యాధిని గురించి ఒక పరిశోధన వ్యాసం ప్రకటించినారు. వారిలో మెక్‌రాబర్ట్ రోగులను పరీక్షించే వైద్యుడు, బార్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. త్రాగునీటిలోని ఫ్లోరైడే ఈ వికారానికి మూలమని వారు తేల్చినారు. మన దేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర వ్రాసేవారు తరచుగా ఈ వ్యాసాన్ని పేర్కొంటారు. ఎక్స్‌రేలో ఎముక చిక్కదనం కనిపిస్తుంది గాని బావి కనిపించదు. నీటి పరీక్షలో ఫ్లోరైడు తేలుతుంది గాని నడుము నొప్పి తేలదు. రెండూ ఒకచోట చేరినప్పుడే వ్యాధికి పేరు దొరికింది.

ఇప్పుడు అటువంటి రోగి పెద్ద వైద్యాలయానికి పోయినాడనుకొందాము. కీళ్ళ నొప్పికి ఒక శాఖ నొప్పి మాత్రలు వ్రాస్తుంది. వెన్నెముకలో పెరిగిన ఎముక నరాలను నొక్కి కాళ్ళు తిమ్మిరెక్కితే మరొక శాఖకు పంపుతారు. నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి మింగితే మూత్రపిండాలు చెడే ప్రమాదం ఉన్నది. శరీరంలో చేరిన ఫ్లోరైడును బయటికి పంపే ముఖ్యమైన దారి ఆ మూత్రపిండాలే. అవి చెడితే ఫ్లోరైడు మరింతగా ఎముకలలో నిలుస్తుంది, నొప్పి పెరుగుతుంది, మాత్రలూ పెరుగుతాయి. మూడు శాఖలూ తమ తమ పని తప్పులేకుండా చేసినా రోగి మాత్రం క్రుంగిపోతాడు! ఈ చక్రాన్ని ఛేదించేది ఖరీదైన యంత్రం కాదు. "నీవు ఏ బోరు నీళ్ళు త్రాగుతావు?" అనే ఒక ప్రశ్న, ఆ జవాబును అందరూ చదివే ఒకే కాగితం మీద వ్రాయడం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయం. నీళ్ళు కాచి త్రాగండని చెప్పి పంపితే ప్రయోజనం లేదు. కాచిన కొద్దీ నీరు ఆవిరై ఫ్లోరైడు చిక్కబడుతుందే గాని పోదు.

అడుగవలసిన రెండవ ప్రశ్న వృత్తి గురించి. ఏమి పని చేస్తావని రోగిని తప్పక అడుగుమని ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లోనే తన గ్రంథంలో వ్రాసినాడు. మనము అక్షరాలు దిద్దుకున్న మార్కాపురం పలకను కోసి నునుపు చేసేటప్పుడు లేచే ధూళిలో సిలికా ఉంటుంది. దానివలన వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఎక్స్‌రేలో క్షయను పోలి ఉండవచ్చు. ఆ జబ్బు ఉన్నవారికి క్షయ సోకే అవకాశమూ ఎక్కువ. దగ్గుతూ వచ్చినవాడు పలకల కార్ఖానాలో పనిచేశాడని తెలియకుండా చేసే చికిత్స సగం చికిత్సయే.

శస్త్రచికిత్స గదిలో సైతం ఇదే నియమం పనిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల పట్టిక ఒకటి విడుదల చేసినది. రోగి పేరు, కోయవలసిన చోటు, మందు పడని గుణం వంటివి అందరూ వినేటట్లు పైకి చదువవలె. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల వైద్యాలయాలలో దీనిని పాటించి చూడగా మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినవని 2009లో ప్రకటించినారు. కొత్త మందు లేదు, కొత్త కత్తి లేదు. మాట్లాడుకున్నారు, అంతే.

ఇక మన విద్యార్థులకు దగ్గరి విషయం భాష. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీ ఆంగ్లంలో ఉంటుంది. ఇంట్లో తల్లి ఉర్దూ మాత్రమే చదువగలదు, పొరుగింటి అవ్వ తెలుగు కూడా చదువలేదు. రంజాన్ ఉపవాసముండే మధుమేహ రోగి మాత్ర, ఇన్సులిన్ వేళలను, మోతాదులను మాసానికి ముందే వైద్యునితో మాట్లాడి సరిచేసుకోవలె. వైద్యుడు అడుగడు, రోగి సంకోచంతో చెప్పడు. సహరీకి ఏ మాత్ర, ఇఫ్తారుకు ఏ మాత్ర అని రోగి భాషలో చెప్పి, తిరిగి ఆమె నోట చెప్పించుకొని పంపే నర్సు ఉన్న వైద్యాలయాన్ని మేము పది అంతస్తుల భవనం కంటే ముందు నిలుపుతాము. అటువంటి నర్సు దొరకని చోట ఆ పని మనలో చదువుకున్నవారిదే. చీటీ చేతికి రాగానే రైలుకు పరుగెత్తక, అక్కడి బల్ల మీదే కూర్చొని, అర్థం కాని ప్రతి పంక్తినీ అడిగి, అమ్మ భాషలో వెనుక పుటన వ్రాసుకొని మరీ బయలుదేరవలె. తరువాతి బండి ఎప్పుడైనా ఉంటుంది.