రాని వాయిద్యం నేర్పిన గురువు



పేరెంట్స్ మీటింగ్‌లో మా టీచర్లు తరచుగా వినే మాట ఒకటుంది. "మా చదువు తెలుగు మీడియంలో పదో తరగతితో ఆగిపోయిందండీ. వీడి పుస్తకం తెరిస్తే మాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఇంక ఇంట్లో మేం ఏం చెప్పగలం?" తెల్లారకముందే చేపల చెరువు గట్టుకు వెళ్లే నాన్న అడిగినా, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించి వచ్చిన అమ్మ అడిగినా ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మన ప్రాంతంలోనే పుట్టిన ఒక సంగీత విద్వాంసుడి బాల్యంలో దొరుకుతుంది.

పాలకొల్లు నుంచి గుడివాడ దాకా

ఆయన పేరు ఉప్పలపు శ్రీనివాస్. లోకానికి మాండొలిన్ శ్రీనివాస్. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారికి సంగీతం తెలుసు. ఆరేళ్ల వయసులో పిల్లవాడు తండ్రి మాండొలిన్ చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఆసక్తిని గమనించిన తండ్రి కొత్త మాండొలిన్ కొనిచ్చి, తనకు తెలిసింది నేర్పారు. తర్వాత తన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర చేర్చారు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. కర్ణాటక సంగీతం క్షుణ్ణంగా తెలిసినవారు. కానీ ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు! అయినా పాఠం ఆగలేదు. గురువు గారు పాడేవారు, శిష్యుడు విని అదే వాయించేవాడు. తీగ మీద వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేరు కాబట్టి, ఆ దారి పిల్లవాడే వెతుక్కున్నాడు. పాట సరిగ్గా పలికిందా లేదా అన్నది మాత్రం గురువు గారి చెవికి తెలుసు.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ జరిగింది. అప్పటికి ఆ పిల్లవాడి వయసు తొమ్మిదేళ్లు. పాలకొల్లు నుంచి భీమవరం, కైకలూరు, ముదినేపల్లి మీదుగా గుడివాడ వెళ్లే రోడ్డు మనం రోజూ తిరిగేదే.

వాయిద్యాన్నే మార్చుకున్నారు

మాండొలిన్ ఐరోపాలో పుట్టిన వాయిద్యం. మామూలుగా దానికి ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. మీటగానే వచ్చే నాదం త్వరగా ఆరిపోతుంది. మన సంగీతానికి ప్రాణం గమకం. అంటే స్వరం కదలాలి, ఊగాలి, ఒకదాని నుంచి ఇంకోదానిలోకి జారాలి. నాదం నిలవకపోతే అది కుదరదు. అందుకే శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎంచుకున్నారు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టించారు. కింది స్థాయి స్వరాల కోసం ఐదో తీగ చేర్చారు. ఒకప్పుడు వయొలిన్ కూడా ఇలాగే పరాయి దేశం నుంచి వచ్చి మన కచేరీల్లో స్థిరపడింది.

1981లో మద్రాసు డిసెంబరు సంగీతోత్సవాల్లో వాయించారు. 1983లో, అంటే మన తొమ్మిదో తరగతి పిల్లల వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. తర్వాతి కాలంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌లతో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో దేశదేశాలు తిరిగారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలభై అయిదేళ్లకే కన్నుమూశారు.

మూడు కిలోల కాఫీ గింజలు

ఇలాంటి కథ ఆఫ్రికాలోనూ ఉంది. కామెరూన్ దేశపు మనూ దిబాంగో 1933లో పుట్టారు. 1949లో, పదిహేనేళ్ల వయసులో చదువు కోసం ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్లారు. ఖర్చుల కోసం ఇంటివాళ్లు ఇచ్చి పంపినవి మూడు కిలోల కాఫీ గింజలు. ఆయన తన ఆత్మకథకు ఆ పేరే పెట్టుకున్నారు. అక్కడ జాజ్ విన్నారు, శాక్సాఫోన్ పట్టారు. 1972లో వచ్చిన ఆయన 'సోల్ మకోసా' పాట ఆఫ్రికా లయను, అమెరికా ఫంక్ సంగీతాన్ని కలిపి ప్రపంచమంతా మోగింది. 2020లో, ఎనభై ఆరేళ్లకు కరోనాతో చనిపోయేదాకా ఆయన సంగీతాన్ని వదల్లేదు.

ఆ తల్లిదండ్రులు చేతనైనది ఇచ్చి పంపారు. దానితో ఏ దారి పట్టాలో పిల్లవాడు తేల్చుకున్నాడు.

మరి మనం చేయగలిగింది?

ప్రతి పిల్లవాడూ శ్రీనివాస్ కాడు, కానక్కర్లేదు కూడా. సుబ్బరాజు గారికి లోతైన సంగీత జ్ఞానం ఉంది, మనకు మన పిల్లల పాఠం తెలియకపోవచ్చు. ఆ తేడా నిజమే. అందుకే పాఠం చెప్పే బాధ్యత మాది. కానీ ఆయన చేసిన ఒక పని మనందరికీ చేతనవుతుంది: పక్కన కూర్చుని శ్రద్ధగా వినడం. ఈ నెల ఇంట్లో ఇవి చేసి చూడండి.

1. రోజూ పదిహేను నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, "ఇవాళ నేర్చుకున్నది నాకు తెలుగులో చెప్పు" అని అడగండి. ఎక్కడ తడబడుతున్నారో మీకే వినిపిస్తుంది. అది డైరీలో రాసి పంపండి, మిగతాది టీచరు చూసుకుంటారు.

2. తప్పు కనిపించగానే దిద్దకండి. "ఇంకోసారి చెప్పు" అనండి. రెండోసారికి చాలా తప్పులు పిల్లలే సరిచేసుకుంటారు.

3. ఎనిమిదో తరగతిలోకి రాగానే పాట, కీబోర్డు, బొమ్మలు మాన్పించకండి. వారానికి రెండు గంటలైనా ఉంచండి. మార్కులు తగ్గుతాయని భయం ఉంటే, ముందు మాతో మాట్లాడండి.

ఈసారి మీటింగ్‌కి వచ్చినప్పుడు "మాకేం తెలుసండీ" అనే ముందు, ఈ నెలలో మీ పిల్లల నోటివెంట ఏం విన్నారో చెప్పండి. మా టీచర్లు దాని కోసమే ఎదురు చూస్తుంటారు.