పోరడు చెయ్యెత్తక ముందే

పొద్దున నర్సాపూర్ చౌరస్తాలో కంపెనీ బస్సుల కోసం నిలబడేవాళ్లలో మీసాలు సరిగా రాని పిల్లలు కనిపిస్తారు. కౌడిపల్లి, శివ్వంపేట, హత్నూర ఊళ్ల నుంచి వచ్చి గుమ్మడిదల, బొల్లారం, గడ్డపోతారం దిక్కు పనికి పోతారు. వాళ్ల మీద షిఫ్టు ఇన్‌చార్జిలుగా, సూపర్‌వైజర్లుగా ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ‘ఈ కాలం పోరగాళ్లకు కోపమెక్కువ’ అని చేతులు దులుపుకోకండి. ఆ కోపంలో సగం మన షెడ్డులోనే పుడుతోందని నా నమ్మకం.

మందుల కంపెనీలో బ్లిస్టర్ లైన్ మీద బ్యాచ్ నంబర్ తప్పు పడిందనుకోండి. ఇన్‌చార్జి వచ్చి, ప్యాకింగ్‌లో ఉన్న ఆడపిల్లలంతా వినేటట్టు, “నీకు నౌకరీ ఎవడిచ్చిండ్రా, పోయి బర్లు కాసుకో” అంటాడు. పోరడు నోరెత్తడు. దవడ బిగుస్తుంది, గ్లవ్స్ విప్పుతుంటే వేళ్లు వణుకుతాయి. గంట తర్వాత క్యాంటీన్‌లో పళ్లెం తగిలిందని తోటివాడి కాలర్ పట్టుకుంటాడు. రిపోర్టులో రాసేది పళ్లెం సంగతి. లైన్ మీద పోయిన పరువు సంగతి ఎవరూ రాయరు.

ఆవేశానికి పగ్గం వేసే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్ల వరకు పడుతుంది. పైగా పిల్లలు పెద్దల్ని చూసే నేర్చుకుంటారు. 1961లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో ఆల్బర్ట్ బండూరా చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు ఒక బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తర్వాత అదే తీరుగా కొట్టారు, వాళ్లన్న మాటలు కూడా అన్నారు. మీ లైన్ మీద బూతు నడిస్తే అది కింది దాకా నడుస్తుంది.

కాబట్టి తప్పు పడితే లైన్ ఆపి, పోరణ్ని పక్కకు పిలవండి. ముందు తప్పు సంగతి కాదు, “ఏం తమ్మీ, రాత్రి పండుకున్నవా? తిన్నవా?” అని అడగండి. నైట్ డ్యూటీ చేసి, మధ్యాహ్నం రేకుల గదిలో నలుగురి మధ్య పడుకున్నవాడికి నిద్ర ఎక్కడిది? అట్లాంటివాణ్ని మళ్లీ ఓవర్‌టైమ్‌కు ఆపకండి. చట్టం వారానికి 48 గంటలంటుంది, ఆపైన చేస్తే రెట్టింపు జీతం రావాలి. కాంట్రాక్టరు ఆ డబ్బులు నొక్కేస్తే, వాడి కోపం న్యాయమైనదే. కోపం తగ్గించుకోమని వాడికి చెప్పే ముందు హెచ్ఆర్‌తో మాట్లాడి ఆ డబ్బులు ఇప్పించండి.

ఇంకొకటి కల్లు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలపడం మెదక్ జిల్లాలో ఏళ్లుగా ఉన్న పీడ. దానికి అలవాటు పడ్డవాడికి ఒకటి రెండు రోజులు దొరక్కపోతే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, చిన్న మాటకే మీదికొస్తాడు. ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే “రేపటి నుంచి బంద్ చెయ్” అని ఒట్టు పెట్టించకండి, ఒక్కసారిగా మానేయడం ప్రాణం మీదికి తెస్తుంది. ఆ రోజు మిషన్ దగ్గర నిలబెట్టకుండా, ఇంటివాళ్లకు చెప్పి నర్సాపూర్ సర్కారు దవాఖానకో, ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికో పంపండి. మత్తు అలవాట్లకు 14446, మనసు బాగాలేకపోతే టెలీ మానస్ 14416. ఈ రెండు నంబర్లు నోటీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి.

ఇంత చేసినా కొట్లాట జరగొచ్చు. అప్పుడు మీ గొంతు తగ్గించండి, చుట్టూ మూగినవాళ్లను పంపేయండి, కట్టర్లు, స్పానర్లు అందకుండా తీయించండి. వాడి మీద చెయ్యి వేయకండి, తలుపుకు అడ్డంగా నిలబడకండి. దెబ్బ తగిలినవాణ్ని ముందు డాక్టరు దగ్గరికి పంపండి. వాడు కేసు పెడతానంటే రాజీకి ఒత్తిడి చేయకండి, అది వాడి హక్కు.

చాలామంది మరిచేది షిఫ్టు విడిచే వేళ. లోపల ఆగిన లొల్లి గేటు బయట, బస్సు దగ్గర మళ్లీ మొదలవుతుంది. ఇద్దర్నీ ఒకే బస్సు ఎక్కించకండి. ఒకణ్ని ముందు పంపి, రెండోవాణ్ని అరగంట కూర్చోబెట్టి చాయ్ తాగించండి. మర్నాడు ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడండి, బ్యాచ్ నంబర్ ఎక్కడ తప్పిందో ఆ పోరడికి మిషన్ దగ్గరే నిలబడి మళ్లీ చూపించండి.