యాప్‌ను ఏ ఫోనులో పరీక్షించాలి?



మన కంప్యూటరు క్లాసులో ఎం.ఐ.టి. యాప్ ఇన్వెంటర్‌తో చిన్న చిన్న యాప్‌లు చేయటం నేర్చుకుంటున్నాం గదా. నేను చేస్తున్న యాప్ పేరు 'మందుల లెక్క'. మిరప చేలో ఏ రోజున ఏ మందు కొట్టారో, ఎంత ఖర్చయిందో అందులో రాసుకుని, పక్కన ఆకు ఫొటో పెట్టుకోవచ్చు. మా బాబాయి రెండెకరాలు కౌలుకు చేస్తున్నాడు. అటువంటి వారి కోసమే ఇది. అయితే యాప్ తయారయ్యాక దానిని ఏ ఫోనులో పరీక్షించాలి? ఈ సంగతి ఇప్పుడు తెలుసుకుందాం.

పరీక్షకు ఖరీదైన ఫోను కావాలని కొందరంటారు. నా మాట వేరు. యాప్ వాడే మనిషి చేతిలో ఎటువంటి ఫోను ఉందో అటువంటిదే పరీక్షకు కావాలి. ఖరీదైన ఫోనులో అన్నీ బాగానే నడుస్తాయి. లోపం బయటపడేది చిన్న ఫోనులోనే.

ఫోను ఎంచుకునేటప్పుడు చూడవలసినవి:

1. ఆండ్రాయిడ్ వెర్షన్: 5.0 వెర్షన్ 2014లో, 10 వెర్షన్ 2019లో వచ్చాయి. ప్రతి యాప్‌కూ ఒక కనీస వెర్షన్ ఉంటుంది. ఫోను అంతకన్నా పాతదైతే యాప్ అసలు ఎక్కదు. 2017లో వచ్చిన బటన్ల జియోఫోనులో ఉన్నది ఆండ్రాయిడ్ కాదు, కాయ్ ఓ.ఎస్. కావున మన యాప్ అందులో పనిచేయదు.

2. ర్యామ్: ర్యామ్ తక్కువ ఉన్న ఫోనులో కెమెరా తెరవగానే, చోటు చాలక వెనక ఉన్న మన యాప్‌ను ఫోను మూసేయవచ్చు. ఫొటో తీసి వచ్చేసరికి అంతకుముందు రాసిన లెక్క పోతుంది. అందుకే 2 జీబీ ర్యామ్ ఫోను ఒకటి తప్పనిసరి. కెమెరా తెరవకముందే లెక్కను భద్రపరిచేలా యాప్ రాయాలి.

3. కెమెరా: 2021లో మన గుంటూరు, ప్రకాశం మిరప చేలను నల్ల తామర పురుగు దెబ్బతీసింది. అది సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది, పూలలో దాక్కుంటుంది. కొన్ని చౌక ఫోన్ల కెమెరాకు దగ్గరి వస్తువు మీద ఫోకస్ కుదరదు. ఫొటో మసకగా ఉంటే చూసినవారు వేరే తెగులనుకుంటారు, వేరే మందు చెబుతారు. మందు డబ్బులూ పోతాయి, పైరూ పోతుంది.

4. తెర: క్లాసు గదిలో కనిపించింది ఎండలో కనిపించకపోవచ్చు. మధ్యాహ్నం బయట నిలబడి చూడాలి. పెద్దవాళ్లు అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకుంటారు. మనమూ సెట్టింగ్స్‌లో అలా పెట్టి, తెలుగు మాటలు బటన్ దాటి పోతున్నాయేమో చూడాలి.

5. నెట్: చేలో సిగ్నల్ ఉంటుందని నమ్మకం లేదు. ఏరోప్లేన్ మోడ్ పెట్టి పరీక్షించాలి.

కంప్యూటరులోని ఎమ్యులేటర్‌లో వెర్షన్ తేడాలు చూసుకోవచ్చు. కాని దానికి ఎండ తగలదు, అసలైన కెమెరా ఉండదు. రెండు ఫోన్లు దొరికితే ఒకటి బాగా పాతది, ఒకటి మధ్యరకంది తీసుకుంటే సరి.

ఫోనును కంప్యూటరుకు కలిపే పద్ధతి: సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి 'బిల్డ్ నంబర్' మీద 7 సార్లు నొక్కండి. డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బి డీబగ్గింగ్ ఆన్ చేయండి. కొన్ని కేబుళ్లు ఛార్జింగుకే గాని డేటాకు పనికిరావు, చూసుకోండి. పని కాగానే ఆఫ్ చేసి, ఫోను ఎవరిదో వారికి ఇచ్చేయండి.

మరి స్మార్ట్‌ఫోను లేనివారి మాటేమిటి? 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్.ఎం.ఎస్. పంపాయి. మామూలు ఫోనే సరిపోయింది. అనగా మనిషికి తగ్గట్టు మన పని మారాలి గాని, మన యాప్ కోసం కూలివాళ్లు కొత్త ఫోను కొనాలనటం న్యాయం కాదు.

ఇంటిపని: సెలవులకు వెళ్లినప్పుడు మీ వీధిలో పది ఫోన్లు చూడండి. వెర్షన్, ర్యామ్, ఖాళీ స్టోరేజి నోటుబుక్కులో రాసుకు రండి. అందరి పట్టికలూ కలిపితే మన పరీక్షకు ఏ ఫోను కావాలో తేలిపోతుంది.